మనోవర్తి కాదు, మనువర్తి

ఆయన పోయాడన్న కబురు నాకు ఫోన్లో చెప్పింది తాడేపల్లిగూడెంలో ఇళ్ళకి క్యారేజీ భోజనం పంపే ఒకావిడ. పొద్దున్న పది దాటింది. నేను బళ్ళో తొమ్మిదో తరగతి వాళ్ళకి హాజరు వేస్తున్నాను.

"మేడం గారూ, నిన్నటి క్యారేజీ గుమ్మం దగ్గర అలాగే ఉందండి. తలుపు కొడితే పలకలేదండి. ప్రెస్సు ఓనరు గారొచ్చి తలుపు తీయించారు. నిద్రలోనే పోయినట్టున్నారండి," అంది. తరవాత కాస్త ఆగి, ఆరేళ్ళుగా అడగని ప్రశ్న అడిగింది. "ఏమనుకోకండి. పంతులుగారు మీకేమవుతారండి?"

"మా నాన్నండి," అన్నాను. ఆ మాట పైకి అని చాలా కాలమైంది. ముందు బెంచీలో పిల్లలు తలెత్తి చూశారు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. దాచాలని కాదు. ఆ పేరుతో నాకు పెద్దగా పరిచయం లేదు. అమ్మ ఎప్పుడూ ఆ పేరు ఎత్తేది కాదు. మా వకీలు గారు 'ప్రతివాది' అనేవారు. మా అమ్మమ్మ గారి ఊళ్ళో 'పంతులు' అనేవారు. నేను నాన్నా అని పిలిచిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయన కూడా నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "చూడమ్మా," అని మొదలుపెట్టేవాడు. ఆ తరవాత ఏదో ఒక మాట గురించి చెప్పేవాడు.

నాకు ఐదేళ్ళప్పుడు ఆయన మమ్మల్ని వదిలేశాడు. అప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు లెక్చరరు. అక్కడే ఇంకో ఇల్లు పెట్టాడు. అమ్మ నన్ను తీసుకుని కొల్లేరు ఒడ్డున ఉన్న పుట్టింటికి వచ్చేసింది. రెండేళ్ళు పెద్దమనుషుల చుట్టూ, పాస్టరు గారి చుట్టూ తిరిగింది. ఆయన ఎవరినీ కాదనలేదు. అందరితోనూ "ఆలోచిస్తానండి," అన్నాడు. చివరికి అమ్మ ఏలూరు వెళ్ళి కోర్టులో అర్జీ పెట్టింది. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు మొదలైన కేసు తొమ్మిదో తరగతికి వచ్చేదాకా నడిచింది. ఆ ఏడేళ్ళలోనే, ఆ కోర్టు వరండాలోనే, నాకు ఆయన తెలిశాడు.

వాయిదా రోజున అమ్మా నేనూ తెల్లవారగానే బస్సెక్కేవాళ్ళం. కోర్టు ఆవరణలో మెట్ల దగ్గర ఆడవాళ్ళు కూర్చునే చోటు ఒకటుండేది. అమ్మ అక్కడ కూర్చునేది. వరండా ఆ చివర గోడకి ఆనించిన బల్ల మీద ఆయన కూర్చునేవాడు. సన్నగా, పొడుగ్గా, గంజి పెట్టిన తెల్లచొక్కాలో. జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. కూర్చునే ముందు బల్ల మీద రుమాలు పరిచేవాడు. నన్ను చూసి వేలితో రమ్మన్నట్టు సైగ చేసేవాడు. నేను అమ్మ మొహం చూసేదాన్ని. అమ్మ వెళ్ళమనేది కాదు, వద్దనేదీ కాదు. కొంగు సర్దుకుని వేరే వైపు చూసేది. నేను వెళ్ళేదాన్ని.

"చూడమ్మా, మనం ఇవాళ దేనికొచ్చాం?"

"వాయిదాకి."

"వాయిదా అంటే?"

"మళ్ళీ రమ్మనడం."

ఆయన నవ్వేవాడు. "అది మనం చేసుకున్న అర్థం. ఆ మాట అరబ్బీలో పుట్టింది. అక్కడ దానర్థం మాట ఇవ్వడం. ఫలానా రోజుకి ఫలానా పని చేస్తానని ఒప్పుకోవడం. మన దగ్గరకి వచ్చేసరికి పని పోయి రోజొక్కటే మిగిలింది."

చెప్పేటప్పుడు కుడిచేతి చూపుడువేలూ బొటనవేలూ కలిపి గాల్లో ఏదో ఒలుస్తున్నట్టు తిప్పేవాడు. ముంజెకాయ పైపొర తీస్తున్నట్టుండేది. నాకు ఆ వేళ్ళు చూడటం ఇష్టం. ఆ వేళ్ళలోంచి మాట మెత్తగా, నీళ్ళతో బయటికొచ్చేది. బళ్ళో ఎవరూ అలా చెప్పేవారు కాదు.

తప్పు రాసి ఉంటే ఆయన చూస్తూ ఊరుకోలేకపోయేవాడు. నోటీసు బోర్డులో 'హజరు' అని ఉంటే అటూ ఇటూ చూసి, ఎర్ర పెన్నుతో 'హ'కి దీర్ఘం ఇచ్చి వచ్చి కూర్చునేవాడు. బయట టీ కొట్టు బల్ల మీద ఎవరిదో శుభలేఖ కనిపిస్తే తీసి చదివి, రెండు చోట్ల దిద్ది, ఉన్నచోటే పెట్టేసేవాడు. టీ మాత్రం ఒక్కటే చెప్పేవాడు. సగం సాసరులో పోసి నాకిచ్చేవాడు. పొద్దున్న ఏమైనా తిన్నావా అని మాత్రం ఏడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఆయనకి తోచేది కాదనుకుంటాను.

పదేళ్ళప్పుడు ఒక వాయిదాకి ఆయన భర్త అనే మాట విప్పాడు. "భర్త అంటే భరించేవాడు. పోషించేవాడని. భార్య అంటే పోషింపబడవలసినది. భరణం, భృతి, భృత్యుడు, అన్నీ ఒకే ధాతువు," అని వేళ్ళు తిప్పుతూ చెప్పుకుపోతున్నాడు. నాకు అప్పటికే బుర్ర ఎదిగింది. మెట్ల వైపు చూశాను. అమ్మ మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది.

"మరి మీరు?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి రుమాలుతో తుడిచాడు. రెండు అద్దాలూ, అటూ ఇటూ, చాలాసేపు. మళ్ళీ పెట్టుకుని, "ధాతువు వేరు, ప్రయోగం వేరమ్మా," అన్నాడు.

ఇంకెప్పుడూ నేను ఆయన్ని ఆ ప్రశ్న అడగలేదు. అడిగితే నన్ను బల్ల దగ్గరికి పిలవడం మానేస్తాడేమోనని భయం. ఆ భయం గురించి అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

ఆయన తన గురించి చెప్పింది ఒకే ఒక్కసారి. ఆయనది పెదవేగి వైపు ఊరు. అమ్మానాన్నలు తోటల్లో కూలికి వెళ్ళేవారు. మిషను హాస్టల్లో చదువుకున్నాడు. తెలుగులో పైచదువు పూర్తి చేసి మొదటిసారి ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే, బల్ల అవతల కూర్చున్న పెద్దాయన సర్టిఫికెట్టులో పేరూ, తండ్రి పేరూ చదివి, "మీ వాళ్ళకి తెలుగెందుకు నాయనా? ఏ గుమాస్తా పనో చూసుకోలేకపోయావా?" అన్నాడట.

"నేనేమీ అనలేదు. ఆయన ముందున్న కాగితంలో 'అబ్యర్థి' అని ఉంది. అభ్యర్థి అండి, ఒత్తు భ, అన్నాను," అని చెప్పాడు. "ఉద్యోగం రాలేదు. కానీ ఆయన కాగితం దిద్దుకున్నాడు. నేను చూస్తుండగా దిద్దుకున్నాడు."

 నాకు ఆ పెద్దాయన మీద చాలా కోపం వచ్చింది. మా నాన్న జీవితమంతా ఆ బల్ల ముందే నిలబడి ఉన్నాడని ఇప్పుడనిపిస్తుంది. ఎదురుగా ఎవరున్నా, ఏం అడుగుతున్నా, ముందు వాళ్ళ తప్పు పట్టుకుంటే తప్ప ఆయనకి కాళ్ళు నిలిచేవి కావు.

అమ్మ చేపల చెరువుల దగ్గర పనికి వెళ్ళేది. పట్టుబడి ఉన్న రోజున పట్టిన చేపల్ని ఐసుతో పెట్టెల్లో సర్ది లారీకి ఎక్కించాలి. గంటల తరబడి ఐసులో చేతులు. నాకు పదకొండేళ్ళప్పుడు చేప ముల్లొకటి అమ్మ కుడిచేతి చూపుడువేలులో దిగింది. తడిగుడ్డ చుట్టుకుని రెండు రోజులు అలాగే పని చేసింది. మూడో రోజుకి చెయ్యి మోచేతి దాకా వాచింది. ఏలూరు ఆసుపత్రిలో చూపుడువేలూ, దాని పక్క వేలూ తీసేశారు. ఇంకో రోజు ఆలస్యమైతే చెయ్యే తీసేయాల్సి వచ్చేదన్నారు.

ఆ తరవాత వాయిదాకి అమ్మ కట్టుతో వచ్చింది. ఆ రోజు ఆయన నన్ను పిలిచాడు. కానీ నేను వెళ్ళి కూర్చోగానే మా కేసు పిలిచారు.

జడ్జి గారు కూడా ఆడవాళ్ళే. అమ్మని దగ్గరికి రమ్మని చెయ్యి చూశారు. అమ్మ కట్టు విప్పబోతే వద్దన్నారు. ఆయన వైపు తిరిగి, "మాస్టారూ, మీరు చదువుకున్నవారు. ఆవిడ పరిస్థితి చూస్తున్నారు. భార్యకీ పిల్లకీ మనోవర్తి ఇవ్వడానికి మీకు అభ్యంతరం ఏంటండి?" అని అడిగారు.

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తమరు క్షమించాలి. ఆ మాట మనోవర్తి కాదండి. మనువర్తి అండి."

జడ్జి గారికి అర్థం కాలేదు. "ఏంటండీ?" అన్నారు.

"మను అంటే బతకడం అండి. అచ్చ తెలుగు మాట. మనుగడ అందులోంచి వచ్చిందే. వర్తి అంటే జీవిక. మనువర్తి అంటే బతకడానికి ఆధారం. మనసుకీ దానికీ సంబంధం లేదండి. సంస్కృతం అనుకుని ఎవరో మనోవర్తి చేశారు, అందరూ అదే రాస్తున్నారు." చేతిలో ఉన్న అర్జీ నకలు పైకెత్తి చూపించాడు. "ఇందులో మొదటి పేజీలోనే నాలుగు చోట్ల తప్పుందండి."

నేను వెనక బెంచీలోంచి ఆ కాగితం చూశాను. పరీక్ష పేపరులా ఎర్ర సిరాతో దిద్ది ఉంది. తనని ఇంట్లోంచి వెళ్ళిపోయినవాడని, పిల్లని గాలికొదిలేశాడని రాసిన కాగితం అది. ఆ వాక్యాల మీద ఆయన చెయ్యి వేయలేదు. పొల్లులూ దీర్ఘాలూ మాత్రం సరిచేశాడు.

హాల్లో ఎవరో నవ్వారు. గుమాస్తా రాయడం ఆపి చూస్తున్నాడు. మా వకీలు గారు తలదించుకున్నారు.

అప్పుడు నాకేమనిపించిందో రాయకపోతే ఇదంతా రాయడం అనవసరం. నాకు గర్వం వేసింది. జడ్జి గారికి తెలియనిది మా నాన్నకి తెలుసు. అంతమంది వకీళ్ళలో ఎవరికీ తెలియదు. నా మొహం విప్పారి ఉంటుంది. అదే క్షణంలో అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఎంతసేపో కాదు. చూసి, మళ్ళీ జడ్జి గారి వైపు తిరిగింది.

"తప్పు దిద్దిస్తాం మాస్టారూ," అన్నారు జడ్జి గారు. "ఇస్తారా, ఇవ్వరా?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆలోచించి మనవి చేసుకుంటానండి," అన్నాడు.

మళ్ళీ వాయిదా పడింది.

బస్టాండులో కూర్చున్నాక అమ్మ అడిగింది. "ఏంటంట ఆ తేడా? నాకు సరిగ్గా అర్థం కాలేదు."

నేను హుషారుగా చెప్పాను. ఆయన చెప్పినట్టే, వేళ్ళు కూడా అలాగే తిప్పుతూ. మనుగడ అంటే ఏంటో, మనసుకి సంబంధం ఎందుకు లేదో, అంతా. అమ్మ చివరిదాకా విని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో సర్దుకుంది.

"బతకడానికేగా," అంది. "నేనడిగిందీ అదే కదమ్మా."

నాలుగు నెలల తరవాత నెలనెలా ఇవ్వాలని తీర్పొచ్చింది. ఆయన రెండు నెలలు ఇచ్చి ఆపేశాడు. బకాయిల కోసం మళ్ళీ రెండేళ్ళు వాయిదాలు నడిచాయి. ఎందుకు ఇవ్వడం లేదని వకీలు గారు వరండాలోనే నిలదీస్తే, ఆయన కోప్పడకుండా, క్లాసులో చెప్పినట్టు చెప్పాడు. "ఇష్టంతో ఇస్తే భరణం అండి. ఆజ్ఞ మీద ఇస్తే దండుగ. దండుగ అంటే అసలర్థం జరిమానా. నేను నేరం చేసినవాడిలా నెలనెలా జరిమానా కట్టలేను."

"ఇష్టంతోనే ఇవ్వండి మరి. ఎవరొద్దన్నారు?" అన్నారు వకీలు గారు.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

వకీలు గారు వారంటు వేయిద్దామన్నారు. అమ్మకి ఇష్టం లేదు. కానీ అదే ఏడాది, సరస్సు ఆక్రమించి తవ్వారని, సర్కారు వాళ్ళు కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఊరంతటికీ పని పోయింది. రెండు వేళ్ళు లేని మనిషికి ఎవరిస్తారు పని? బియ్యం కోసం అమ్మమ్మ చెవి దుద్దులు తీసిచ్చింది. అమ్మ వకీలు గారి దగ్గరికి వెళ్ళి ఎడమచేత్తో సంతకం పెట్టి వచ్చింది.

పోలీసులు ఆయన్ని కాలేజీలోనే పట్టుకున్నారు. క్లాసు జరుగుతుండగా. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళ తరవాత ఆ క్లాసులో ఉన్న ఒకాయన చెప్పాడు. వచ్చిన పోలీసు వారంటు కాగితం చూపిస్తే ఆయన అది తీసుకుని చదివాడట. జేబులోంచి ఎర్ర పెన్ను తీయబోయి, పిల్లలందరూ చూస్తున్నారని గుర్తొచ్చి, పెన్ను మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడట. బోర్డు మీద సగం రాసిన పద్యం అలాగే ఉండిపోయింది. నెల రోజులు జైల్లో ఉన్నాడు. కాలేజీ వాళ్ళు ఆ నెలలోనే ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ రెండో ఇల్లు కూడా ఆయన కోసం తలుపు తీయలేదని విన్నాం.

అమ్మకి ఏమీ రాలేదు. జీతమే లేనివాడి దగ్గర నుంచి ఏం వస్తుంది? ఊళ్ళో మాత్రం "చదువుకున్న మనిషిని జైల్లో పెట్టించింది," అన్నారు. ఆదివారం ఆరాధనకి గుళ్ళో అమ్మ కూర్చున్న చాప మీద పక్కన చోటు ఖాళీగా ఉండేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు కూడా వెనక నిలబడేవారు గానీ అక్కడ కూర్చునేవారు కాదు. అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. ఆ తరవాత కోర్టుకి వెళ్ళడం మానేసింది. వకీలు గారు రెండుసార్లు కబురు పంపారు. "ఇంక చాలండి," అని చెప్పించింది.

నేను డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు అమ్మ "ఇంకేదీ దొరకలేదా నీకు?" అని ఒక్కమాట అంది. ఫీజు కట్టడానికి అప్పటికి మళ్ళీ తవ్విన చెరువుల దగ్గర మేత బస్తాల కాపలా పని చేస్తోంది. అంతకన్నా ఏమీ అనలేదు.

నాకు గుండుగొలను దగ్గర హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. అమ్మని తెచ్చుకున్నాను. రెండో ఏడాది ఒక మధ్యాహ్నం ఆయన బడికి వచ్చాడు. గేటు దగ్గర నిలబడ్డాడు. చొక్కా తెల్లదే, గంజి లేదు. జుట్టు నెరిసిపోయింది. పన్నెండేళ్ళ తరవాత చూస్తున్నా నాకు వెంటనే తెలిసింది, ఎందుకంటే ఆయన నన్ను చూడటం లేదు, బడి గోడ మీద రాసిన నినాదం చదువుతున్నాడు.

నేను దగ్గరికి వెళ్ళాను. ఏ మాట మొదలుపెడతాడా అని చూశాను.

"అమ్మా, నాకు భోజనానికి ఇబ్బందిగా ఉంది," అన్నాడు.

అందులో విప్పడానికి ఏమీ లేదు. వేళ్ళు కదల్లేదు. తాడేపల్లిగూడెంలో ఒక ప్రెస్సులో శుభలేఖలకీ, కరపత్రాలకీ ప్రూఫులు దిద్దుతున్నానని, పని తగ్గిపోయిందని, బియ్యం మిల్లు వెనక గదిలో ఉంటున్నానని చెప్పాడు. నా దగ్గర ఆయనకి ఇవ్వాల్సింది ఏమీ లేదని చెప్పొచ్చు. చెప్పే హక్కు నాకుంది. ఆయన కూడా నేను అలాగే చెబుతానని వచ్చినట్టు నిలబడ్డాడు. నేను స్టాఫ్ రూములోంచి నా టిఫిన్ డబ్బా తెచ్చి ఇచ్చాను. గేటు పక్కన గట్టు మీద కూర్చుని తిన్నాడు. ఒక్క మెతుకు వదల్లేదు.

ఆ వారమే తాడేపల్లిగూడెం వెళ్ళి క్యారేజీ ఆవిడతో మాట్లాడాను. రోజూ రెండు పూటలా పంపమన్నాను. ఆయనతో మాత్రం "బడికి రాకండి. అమ్మకి తెలియకూడదు," అన్నాను. తల ఊపాడు.

నెలకోసారి ఫోన్ చేసేవాడు. నాకు జీతం పడిందని తెలిసిన రోజుల్లో. కృతజ్ఞత చెప్పేవాడు కాదు. ఆ నెల తను దిద్దిన తప్పుల్లో మంచివి రెండు చెప్పేవాడు. నవ్వొచ్చేవి. నేనూ నవ్వేదాన్ని. కొన్ని మర్నాడు క్లాసులో చెప్పేదాన్ని. ప్రతిసారీ ఫోన్ పెట్టేసే ముందు ఒక్క క్షణం ఆగేదాన్ని. మీ అమ్మ ఎలా ఉంది అని అడుగుతాడేమోనని. ఆయన కూడా ఆగేవాడు. ఆ నిశ్శబ్దంలో ఆయన ఊపిరి వినిపించేది. "ఉంటానమ్మా," అని పెట్టేసేవాడు. ఆరేళ్ళు అలాగే గడిచాయి.

ఆ పొద్దున్న బళ్ళోంచి ఇంటికి వచ్చి అమ్మకి చెప్పాను. ఆయన పోయిన సంగతి చెప్పడం కష్టం కాలేదు. నాకెలా తెలిసిందో చెప్పడమే కష్టమైంది. క్యారేజీ సంగతి మొత్తం చెప్పేశాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరుతూనే ఉంది.

"ఆరేళ్ళా?" అంది.

"అవునమ్మా."

"రెండు పూటలా?"

"ఆఁ."

చేట పక్కన పెట్టి లేచింది. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చి చెప్పులు వేసుకుంది. "పద. ఎవరో ఒకరు ఉండాలి కదా," అంది.

సమాధి దగ్గర ఎక్కువమంది లేరు. పాస్టరు గారు, ప్రెస్సు ఓనరు, క్యారేజీ ఆవిడ, గొయ్యి తవ్విన ఇద్దరు మనుషులు, మేము. పాస్టరు గారు వాక్యం చదివాక ఆయన గురించి ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని అడిగారు. ప్రెస్సు ఓనరు నా వైపు చూశాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ వంగి, ఎడమచేత్తో మట్టి తీసి వేసింది. నేనూ వేశాను. అంతటితో అయిపోయింది. గదిలో సామాను ఏం చేయమంటారని ఓనరు అడిగితే, పుస్తకాలు ప్రెస్సులోనే ఉంచుకోమన్నాను. చాపా, గిన్నెలూ క్యారేజీ ఆవిడ ఎవరికో ఇస్తానంది.

సాయంత్రం ఏలూరు బస్సెక్కాం. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బస్సు ఉంగుటూరు దాటింది. చేల మీద ఎండ వాలిపోతోంది. క్యారేజీ గురించి అమ్మ తిడుతుందని ఎదురుచూస్తున్నాను. తిడితే బాగుండునని కూడా ఉంది.

"ఆ కోర్టు వరండాలో మీరిద్దరూ అంతసేపు ఏం మాట్లాడుకునేవారే?" అంది.

"మాటల గురించేనమ్మా. ఏ మాట ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పేవాడు."

"అంతేనా?"

"అంతే."

"ఏడేళ్ళూ అదేనా?"

"ఆఁ."

అమ్మ బయటికి చూసింది. "మెట్ల మీద కూర్చుని, నా గురించే అడుగుతున్నాడనుకునేదాన్ని," అంది. "నువ్వు తల ఊపుతుంటే, అమ్మ బాగానే ఉందని చెబుతున్నావేమో అనుకునేదాన్ని. అందుకే నిన్ను మధ్యలో పిలిచేదాన్ని కాదు."

 బస్సు పూళ్ళలో ఆగి, ఇద్దరిని దింపి, మళ్ళీ కదిలింది.

"చేతికి కట్టుతో వచ్చాను చూడు, ఆ రోజు కూడా అడగలేదా?"

"అడిగాడమ్మా," అన్నాను.

"ఏమన్నాడు?"

అడుగుతుందనుకోలేదు. తడుముకున్నాను. "పాపం, మీ అమ్మకి నొప్పి ఏమైనా తగ్గిందా అన్నాడు."

అమ్మ నా వైపు తిరిగి మొహంలోకి చూసింది. కోపంగా లేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసేది, అలా చూసింది.

"పాపం అనే మాట ఆయన నోట రాదే," అంది. "ఏడేళ్ళు కాపురం చేశాను."

కండక్టరు గుండుగొలను అని కేక వేశాడు. అమ్మ ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది.